రొట్టె గట్టిపడితే చెడిపోయినట్టేనా?

పొద్దున పెనం మీద నుంచి దించినప్పుడు జొన్న రొట్టె మెత్తగా ఉంటుంది. మడిస్తే మడత పడుతుంది. మధ్యాహ్నం చేలో మూట విప్పేసరికి అదే రొట్టె బిరుసెక్కుతుంది. మర్నాటికి అట్టముక్కలా తయారవుతుంది. పళ్లు లేని ముసలివాళ్లు దాన్ని పక్కన పెడతారు. పిల్లలు ముట్టుకోరు. చివరికి అది గేదె కుడితిలోకి పోతుంది.

ఇంకో ఇంట్లో ఇంకో రకంగా జరుగుతుంది. రొట్టె గట్టిపడకూడదని వేడివేడిగా ఉన్నప్పుడే ప్లాస్టిక్ కవరులో పెట్టి ముడి వేస్తారు. రెండో రోజు తీసి చూస్తే చెమ్మచెమ్మగా, కాస్త మెత్తగానే ఉంటుంది. ఒక మూల చిన్న తెల్ల మచ్చ కనిపిస్తుంది. "ఏం కాదులే" అని ఆ మూల తుంచేసి మిగతాది తినేస్తారు.

ఈ రెండు రొట్టెల్లో చెడిపోయింది ఏది?

గట్టిపడిన రొట్టె చెడిపోలేదు. దాన్ని నిక్షేపంగా తినొచ్చు. చెడిపోయింది కవరులోని చెమ్మ రొట్టె. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. గట్టిపడటం వేరు, చెడిపోవటం వేరు. రెండింటి కారణాలూ వేరే. ఈ తేడా తెలిస్తే రొట్టెను ఎలా దాచాలో తెలిసిపోతుంది. ఎంతో కష్టపడి కొట్టిన రొట్టె పారెయ్యాల్సిన పనీ ఉండదు, పాడైన రొట్టె తిని కడుపు పాడుచేసుకునే పనీ ఉండదు.

రొట్టె ఎందుకు గట్టిపడుతుంది?

రాత్రి మిగిలిన అన్నాన్ని తెల్లారి చూడండి. మూతపెట్టి ఉంచినా మెతుకులు బిరుసెక్కి ఉంటాయి. మళ్లీ వేడి చేస్తే మెత్తబడతాయి. రొట్టెలో జరిగేది కూడా ఇదే.

బియ్యంలో, జొన్నల్లో, గోధుమల్లో ఎక్కువగా ఉండేది గంజి పదార్థం. దాన్నే పిండి పదార్థం అంటారు. నీళ్లు పోసి వేడి చేస్తే అది నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. చల్లారిన తర్వాత అది మెల్లగా మళ్లీ బిగుసుకుంటుంది. పీల్చుకున్న నీటిలో కొంత వదిలేస్తుంది. అందుకే రొట్టె గట్టిపడుతుంది. గాలికి ఆరిపోవటం కూడా ఒక కారణమే. కానీ అదొక్కటే కారణం కాదు.

ఈ సంగతి తెలిసి చాలా కాలమైంది. ఫ్రాన్సు దేశంలో గోధుమ రొట్టే రోజువారీ తిండి. రొట్టె ఆరిపోవటం వల్లే గట్టిపడుతుందని అక్కడివాళ్లు కూడా అనుకునేవారు. ఆ దేశానికి చెందిన బూసింగో అనే శాస్త్రవేత్త 1852లో దీన్ని పరీక్షించాడు. గాలి చొరబడకుండా, తడి బయటికి పోకుండా రొట్టెను మూసి ఉంచాడు. అయినా అది గట్టిపడింది. మళ్లీ వేడి చేస్తే మెత్తబడింది.

మీరూ ఇంట్లో చేసి చూడొచ్చు. చల్లారిన రొట్టెను రెండు ముక్కలు చెయ్యండి. ఒకటి పళ్లెంలో వదిలెయ్యండి. రెండోది మూత గట్టిగా బిగిసే డబ్బాలో పెట్టండి. సాయంత్రం చూడండి. పళ్లెంలోది బాగా ఎండిపోయి ఉంటుంది. డబ్బాలోది అంత ఎండదు. అయినా పొద్దుటి మెత్తదనం మాత్రం ఉండదు. మడిస్తే పగులుతుంది.

జొన్న రొట్టెకు ఇంకో చిక్కు ఉంది. గోధుమ పిండిలో జిగురు ఉంటుంది. అది సాగి రొట్టెను పట్టి ఉంచుతుంది. జొన్న పిండిలో ఆ జిగురు లేదు. అందుకే జొన్న పిండిని మరిగే నీళ్లతో కలుపుతారు. వేడి నీటికి గంజి కొంచెం ఉడికి జిగటగా అవుతుంది. అప్పుడే రొట్టె విరగకుండా చేతికి వస్తుంది. చన్నీళ్లతో కలిపిన పిండితో చేసిన రొట్టె అంచులు పగులుతాయి, ముందుగా గట్టిపడుతుంది కూడా. పిండిని వేడి మీదే బాగా మర్దించటం రొట్టె రుచి కోసం మాత్రమే కాదు. అది ఎంతసేపు మెత్తగా ఉంటుందో అక్కడే తేలిపోతుంది.

ఇక ఫ్రిజ్ సంగతి. ఫ్రిజ్‌లో పెడితే ఏదైనా తాజాగా ఉంటుందని అందరి నమ్మకం. రొట్టె విషయంలో అది సగమే నిజం. ఫ్రిజ్ చలికి బూజు ఆలస్యంగా పడుతుంది. కానీ ఆ చలిలోనే గంజి పదార్థం అన్నిటికన్నా త్వరగా బిగుసుకుంటుంది. బయట ఉంచిన రొట్టె కన్నా ఫ్రిజ్‌లో పెట్టిన రొట్టె ముందు గట్టిపడుతుంది. ఫ్రిజ్ పైభాగంలో ఐసు గడ్డకట్టే అర ఉంటుంది కదా, అక్కడ పెడితే గట్టిపడటం, బూజు పట్టటం రెండూ ఆగిపోతాయి. తీసిన వెంటనే పెనం మీద వేడి చేసుకోవాలి.

బూజు ఎందుకు పడుతుంది?

బూజు కూడా ప్రాణమున్నదే. దాని విత్తనాలు దుమ్ములో, గాలిలో, గంపలో, గుడ్డలో అంతటా ఉంటాయి. అవి కంటికి కనిపించనంత చిన్నవి. రొట్టె మీద కూడా పడుతూనే ఉంటాయి. చేలో విత్తనం మొలవాలంటే పదును కావాలి. వీటికి కూడా అంతే. తడి దొరికితే మొలుస్తాయి. ఎండిన రొట్టె మీద పడి ఊరికే ఉండిపోతాయి.

రొట్టె మీద పచ్చగానో, నల్లగానో, తెల్లగానో కనిపించే మచ్చ అప్పుడే పుట్టింది కాదు. అది కంటికి కనిపించేసరికే దాని దారాలు రొట్టె లోపలికి పాకి ఉంటాయి. అందుకే మచ్చ ఉన్నంతవరకూ తుంచేసి మిగతాది తినటం పొరపాటు. మళ్లీ కాల్చి తిన్నా లాభం లేదు. కాలిస్తే బూజు చావొచ్చు. కానీ కొన్ని రకాల బూజులు విషం తయారు చేస్తాయి. ఆ విషం పెనం వేడికి పోదు.

ఈ మాటలో భయపెట్టడం ఏమీ లేదు, జరిగిందే. 1995లో దక్కన్ పీఠభూమిలోని కొన్ని గ్రామాల్లో కోతల వేళ వానలు పడ్డాయి. జొన్నలు, మొక్కజొన్నలు తడిసి బూజు పట్టాయి. వేరే గింజలు లేక జనం వాటినే మర పట్టించి రొట్టెలు చేసుకున్నారు. 27 గ్రామాల్లో జనానికి కడుపునొప్పి, కడుపులో గుడగుడ, విరేచనాలు పట్టుకున్నాయి. కారణం బూజు విషమని పరిశోధకులు తేల్చారు. ఆ రొట్టెలు కూడా పెనం మీద కాలినవే.

అంతకు ముందు 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో ఇంకా ఘోరం జరిగింది. అక్కడి పేదల ముఖ్యమైన తిండి మొక్కజొన్న. ఆ ఏడు అకాల వానలకు కండెలు తడిసి బూజు పట్టాయి. అవి తిన్నవాళ్లకు కామెర్లు వచ్చాయి, పొట్టల్లో నీరు చేరింది. దాదాపు 400 మంది జబ్బుపడ్డారు. 100 మందికి పైగా చనిపోయారు. ఆ ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలు కూడా చచ్చిపోయాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు వెళ్లి పరీక్షించారు. ఆ బూజు విషం పేరు అఫ్లటాక్సిన్. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

ఒక్క రొట్టె మూలన మచ్చ వస్తే ఇంత జరుగుతుందని కాదు. ఆ గ్రామాల వాళ్లు బూజు పట్టిన గింజలనే రోజూ పూటపూటా తిన్నారు. కానీ ఏ బూజులో విషం ఉందో, దేనిలో లేదో చూసి చెప్పటం ఎవరివల్లా కాదు. కాబట్టి బూజు పట్టిన రొట్టె పారెయ్యాల్సిందే. పసిపిల్లలకు, చూలింతలకు అసలే పెట్టకూడదు. గేదెకు వేసినా మంచిది కాదు. ఈ విషాల్లో కొన్ని పాలలోకి దిగుతాయి. పారేసిన రొట్టె మళ్లీ మన ఇంటికే గ్లాసులో వస్తుంది!

బేకరీ బ్రెడ్డుకు త్వరగా బూజు పట్టదు కదా అని కొందరంటారు. ఫ్యాక్టరీల్లో చేసే బ్రెడ్డులో బూజును ఆపే కాల్షియం ప్రొపియొనేట్ లాంటి మందు కలుపుతారు. ఇంటి రొట్టెలో ఉండేది పిండి, ఉప్పు, నీళ్లు. దాన్ని కాపాడాల్సింది మన జాగ్రత్తే.

ఒక రోజు మెత్తగా ఉండాలంటే

పెనం మీద నుంచి తీసిన రొట్టెను వెంటనే మూసి పెట్టకూడదు. వేడి రొట్టె నుంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. డబ్బాలో పెట్టి మూత వేస్తే ఆ ఆవిరి మూతకు తగిలి నీటి బొట్లు అవుతుంది. బొట్లు కిందికి కారతాయి. పై రొట్టె, అడుగు రొట్టె తడిసి ముద్దవుతాయి. బూజుకు కావలసిన పదును ఇదే. అలాగని గాలికి పూర్తిగా వదిలేస్తే ఎండిపోతుంది.

రొట్టెను జల్లెడ మీదనో, గంప బోర్లించి దాని మీదనో రెండు మూడు నిమిషాలు ఉంచాలి. పొగలు ఆగుతాయి. ఇంకా గోరువెచ్చగా ఉండగానే ఉతికి ఆరేసిన నూలు గుడ్డలో, ఒకదాని మీద ఒకటి పేర్చి చుట్టాలి. ఆ చుట్టను వెదురు గంపలోనో, డబ్బాలోనో పెట్టాలి. మిగిలిన ఆవిరిని గుడ్డ పీల్చుకుంటుంది. మూత బిగించనక్కర్లేదు, ఊరికే బోర్లిస్తే చాలు. హాట్ బాక్సు ఉన్నవాళ్లు కూడా అడుగున, పైన గుడ్డ వెయ్యాలి. గుడ్డను రోజూ ఉతకాలి. నిన్నటి గుడ్డలో నిన్నటి చెమ్మ, నిన్నటి పొడి ఉంటాయి.

పాత పేపర్లలో చుట్టటం కూడా చాలా ఇళ్లలో అలవాటు. అచ్చు సిరాలో సీసం లాంటి లోహాలు ఉంటాయి. అది వేడి తిండికి అంటుకుంటుంది. పేపరులో తిండి చుట్టొద్దని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2023లో కూడా హెచ్చరించింది. పాత చీర ముక్క ఉతికి వాడుకుంటే పేపరు కన్నా నయం.

ఇలా దాచిన రొట్టె పొద్దున చేస్తే రాత్రికి బాగానే ఉంటుంది. ముసురు పట్టిన రోజుల్లో రాత్రి దాకా కూడా ఉంచకపోవటం మంచిది. ఉల్లిపాయ, ఆకుకూర, సొరకాయ తురుము కలిపిన రొట్టెలు ఏ పూటవి ఆ పూటే తినెయ్యాలి. కూరలోని నీరు రొట్టెను త్వరగా పులియబెడుతుంది.

నెల రోజులు ఉండాలంటే

రొట్టె మెత్తగానూ ఉండాలి, వారాల తరబడి నిలవా ఉండాలి అంటే కుదరదు. నిలవ ఉండాలంటే ఎండాలి. పూర్తిగా ఎండాలి. సగం ఎండి సగం చెమ్మగా ఉన్న రొట్టె దేనికీ పనికిరాదు.

ఈ పనిలో ఆరితేరినవాళ్లు ఉత్తర కర్ణాటక ఆడవాళ్లు, సోలాపూర్ వైపు ఆడవాళ్లు. మన సరిహద్దు జిల్లాల్లోనూ ఈ పద్ధతి తెలిసినవాళ్లున్నారు. కరకరలాడే ఈ ఎండు రొట్టెను కడక్ రొట్టె అంటారు. బళ్లారి దాటి ఇంకా ముందుకు పోతే కొప్పళ ఊరు వస్తుంది. అక్కడ ఏటా గవిసిద్ధేశ్వర జాతర జరుగుతుంది. వచ్చిన లక్షల మందికి మఠంలో భోజనం పెడతారు. ఆ భోజనం కోసం చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ముందు నుంచే జొన్న రొట్టెలు కొట్టి, ఎండబెట్టి పెడతారు. జాతర వేళకు ట్రాక్టర్లలో తీసుకుపోయి మఠానికి ఇస్తారు. ఫ్రిజ్ లేదు, మందు లేదు. ఎండటమే వాటిని కాపాడుతుంది.

కడక్ రొట్టెను పలచగా కొట్టాలి. మందంగా కొడితే పైన ఎండినట్టు కనిపిస్తుంది, లోపల తడి ఉండిపోతుంది. పెనం మీద రెండు వైపులా మామూలుగా కాల్చాలి. తర్వాత పొయ్యిలో మంట తగ్గించి, నిప్పుల సెగ తగిలేలా పొయ్యి గోడకు ఆనించి నిలబెట్టాలి. ఇంకో రొట్టె కాలేలోపు ఇది ఆరుతూ ఉంటుంది. గ్యాసు పొయ్యి అయితే సన్న సెగ మీద పెనం పెట్టి, గుడ్డతో నొక్కుతూ తిప్పుతూ ఆరబెట్టాలి. ఎండాకాలంలో అయితే మంచం మీద శుభ్రమైన గుడ్డ పరిచి, పైన పలచటి గుడ్డ కప్పి ఎండలో పెట్టొచ్చు. పొద్దు వాలకముందే లోపలికి తెచ్చుకోవాలి. మంచు పడితే ఎండిందంతా వృథా.

ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది? రొట్టె నడిమిని విరిచి చూడాలి. అప్పడంలా పెళ్లున విరగాలి. అంచు విరిగి నడుమ వంగితే ఇంకా తడి ఉన్నట్టే. మళ్లీ సెగ చూపించాలి.

అప్పుడు పూర్తిగా చల్లారనివ్వాలి. వెచ్చగా ఉన్నప్పుడు పేరిస్తే మళ్లీ చెమటలు పడతాయి. చల్లారాక బాగా తుడిచి ఆరబెట్టిన డబ్బాలో పేర్చి మూత గట్టిగా బిగించాలి. గమనించండి, మెత్తటి రొట్టెకు గాలి ఆడాలి, ఎండు రొట్టెకు గాలి ఆడకూడదు. డబ్బా లేనివాళ్లు గంపలో గుడ్డ పరిచి పేర్చి, ఉట్టి మీద పెట్టుకుంటారు. చీమ, పిల్లి అందుకోలేవు. తీసేటప్పుడు తడి చెయ్యి పెట్టకూడదు. వానాకాలంలో మూత తీసినప్పుడల్లా నిమ్ము లోపలికి పోతుంది. రొట్టె మెత్తబడినట్టు అనిపిస్తే ఆ రోజే పెనం మీద మళ్లీ వేడి చేసి చల్లార్చి పెట్టుకోవాలి. ఇలా చూసుకుంటే జొన్న రొట్టెలు నెల రోజులకు ఢోకా లేదు. నువ్వులు అద్దిన సజ్జ రొట్టెలు మాత్రం ముందు తినెయ్యాలి. నువ్వుల్లోని నూనె ముక్కిన వాసన వస్తుంది.

రోజూ ఆరుగురికి రొట్టెలు కొట్టి, కూలికి పోయే తల్లి తెల్లవారుజామున నాలుగింటికే లేస్తుంది. పొగకు కళ్లు మండుతాయి, రెక్కలు పీకుతాయి. వారానికి రెండు పూటలు కూర్చుని ఎండు రొట్టెలు చేసి పెట్టుకుంటే కొన్ని రోజులైనా ఆమెకు ఇంకో గంట నిద్ర దక్కుతుంది. కొట్టేది ఆమె అయితే కాల్చి ఆరబెట్టే పని మగవాళ్లు చెయ్యకూడదని ఎక్కడా లేదు.

పిండి దగ్గరే మొదలు

పాడైన పిండితో చేసిన రొట్టెను ఎంత జాగ్రత్తగా దాచినా లాభం లేదు. బాగా ఎండిన జొన్న గింజలు నెలల తరబడి నిలవ ఉంటాయి. పంటి కింద పెట్టి కొరికితే టక్కున విరిగితే గింజ ఎండినట్టు. నల్లబడ్డవి, బూజు పట్టినవి ఏరెయ్యాలి. అలాంటివే ఎక్కువగా ఉంటే ఆ జొన్నలు తిండికి పనికిరావు.

పిండి మాత్రం గింజలా ఆగదు. గింజ లోపల మొలక వచ్చే చోట కొంచెం నూనె ఉంటుంది. మర పట్టించాక ఆ నూనెకు గాలి తగిలి ముక్కిపోతుంది. సజ్జల్లో నూనె ఎక్కువ. అందుకే సజ్జ పిండి కొద్ది రోజులకే చేదెక్కుతుంది. సజ్జలను మూడు నాలుగు రోజులకు సరిపడా పట్టించుకోవాలి. జొన్నలను వారం పది రోజులకు సరిపడా పట్టించుకోవచ్చు. చవకని నెలకు సరిపడా ఒకేసారి పట్టిస్తే చివరి పది రోజుల రొట్టె చేదుగా ఉంటుంది.

గట్టిపడిన రొట్టెను ఏం చెయ్యాలి?

బూజు లేదు, పులిసిన వాసన లేదు, ఊరికే గట్టిపడింది అంతే అయితే దాన్ని మెత్తబరచొచ్చు. రెండు వైపులా నీళ్లు చిలకరించి, ఒక నిమిషం ఆగి, కాలిన పెనం మీద మూత పెట్టి వేడి చెయ్యాలి. బిగిసిన గంజి మళ్లీ మెత్తబడుతుంది. వెంటనే తినాలి. రెండోసారి చల్లారిన రొట్టె మొదటిసారి కన్నా త్వరగా గట్టిపడుతుంది. అందుకని ఎంతమంది తింటారో అన్నే వేడి చేసుకోవాలి.

ముసలివాళ్లకైతే రొట్టెను చిన్న ముక్కలుగా విరిచి, ఉప్పు వేసిన మజ్జిగలో పావుగంట నానబెట్టి ఇస్తే నమలకుండానే తింటారు. పలచటి పప్పులో నానబెట్టినా బాగుంటుంది. పిల్లలకు ఇంకో రకం నచ్చుతుంది. రొట్టెను చేత్తో నలిపి రవ్వలా చెయ్యాలి. ఆవాలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు వేసి, ఆ రవ్వ పోసి, నాలుగు చుక్కల నీళ్లు చల్లి మూత పెట్టాలి. ఐదు నిమిషాల్లో ఉప్మా తయారు. వేరుశనగ పొడి చల్లితే ఇంకా రుచి, బలం కూడా.

ప్రయాణానికి కట్టుకునేటప్పుడు మెత్తటి రొట్టెలు, ఎండు రొట్టెలు ఒకే మూటలో కట్టకూడదు. మెత్తటివాటి చెమ్మ ఎండువాటికి పడుతుంది. మెత్తటివి విడిగా గుడ్డలో చుట్టి మొదటి రోజు తినెయ్యాలి. ఎండువి డబ్బాలో పెట్టుకుంటే రెండో రోజు, మూడో రోజు వాటితో గడుస్తుంది. తోడుకు నీళ్ల కూర కాకుండా వేరుశనగ కారమో, వెల్లుల్లి కారమో పొడిగా కట్టుకోవాలి.